గ్యాస్ బిళ్ళ నుంచి కేథటర్ దాకా: మందు మీద మందు పడిన ఒక కేసు

ఆవిడ వయసు 71, బరువు 46 కిలోలు. స్ట్రెచర్ మీద మా వార్డుకి వచ్చినప్పుడు వెంట ఉన్న రెఫరల్ కాగితంలో మూడు ముక్కలు రాసి ఉన్నాయి: వేగంగా ముదురుతున్న పార్కిన్‌సన్స్ (వణుకుడు జబ్బు), మూత్రనాళ ఇన్‌ఫెక్షన్, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అనుమానం. ఏడాది కిందట ఇదే మనిషి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లెక్కి దిగేదనీ, ఇంటి లెక్కలన్నీ తానే రాసేదనీ కోడలు చెప్పింది. చివరికి తేలిందేమిటంటే, ఆ మూడింటిలో మొదటిదీ మూడోదీ అసలు లేవు. రెండోది ఉంది గానీ, అది వైద్యం వెంట వచ్చింది.

ఈ కేసు రాయడానికి కుటుంబం ఒప్పుకుంది. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. వైద్యపరమైన వరస మాత్రం జరిగింది జరిగినట్టే ఉంచాను, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నదంతా ఆ వరసలోనే ఉంది.

వచ్చిన నాటి పరిస్థితి

ముఖంలో ఏ భావమూ లేదు, కళ్ళు ఆర్పడం కూడా బాగా తగ్గిపోయింది. రెండు మోచేతులూ రెండు మణికట్లూ ఒకే తీరుగా బిగుసుకుని ఉన్నాయి. చేతులు చాపమంటే వణుకు ఎక్కువైంది, ఒళ్ళో పెట్టుకుంటే తగ్గింది. కింది పెదవీ దవడా సన్నగా, వేగంగా అదురుతున్నాయి. నాలుక అట్టలా ఎండిపోయింది. కంటిపాపలు పెద్దవిగా ఉన్నాయి. పొట్ట నొక్కితే గట్టిపడిన మలం చేతికి తగులుతోంది. కేథటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) సంచిలో మూత్రం చిక్కగా, మడ్డిగా ఉంది. జ్వరం 101 దాటింది. పక్కకి తిప్పి చూస్తే నడుం కింద ఎముక మీద చర్మం ఎర్రబడి ఉంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోవడం లేదు. అంటే పడక పుండు మొదలైంది. మధ్యమధ్యలో గది మూలకి చూస్తూ "ఆ పిల్లల్ని లోపలికి రమ్మనండి" అంటోంది. అక్కడ ఎవరూ లేరు.

మొదట నాకు నచ్చనిది వేగం. పార్కిన్‌సన్స్ సాధారణంగా శరీరంలో ఒక వైపు మొదలై ఏళ్ళ మీద రెండో వైపుకి పాకుతుంది. ఇక్కడ కొద్ది నెలల్లోనే రెండు వైపులా సమానంగా వచ్చేసింది, దాని వెనకాలే లేని మనుషులు కనిపించడం కూడా మొదలైంది. రెండు వైపులా సమానంగా ఉన్నంత మాత్రాన పార్కిన్‌సన్స్ కాదని తీర్పు చెప్పేయకూడదు. మందుల వల్ల వచ్చే బిగుసుకుపోవడం కూడా చాలామందిలో ఒక వైపే ఎక్కువగా కనిపిస్తుంది, కాబట్టి ఈ గుర్తు ఒక్కదాన్నే నమ్ముకుంటే రెండు రకాలుగానూ బోల్తా పడతాం. అందుకే కోడల్ని ఇంకో రెండు ప్రశ్నలడిగాను. వాసన తెలియకపోవడం ఉందా? నిద్రలో కలకి తగ్గట్టు కాళ్ళూ చేతులూ విసరడం, అరవడం ఉండేవా? పార్కిన్‌సన్స్‌లో ఈ రెండూ చాలాసార్లు వణుకు కన్నా ఏళ్ళ ముందే వస్తాయి. రెండూ లేవంది.

దవడ అదురు ఇంకో ఆధారం. కుందేలు ముక్కు కదిలించినట్టు ఉంటుందని దాన్ని రాబిట్ సిండ్రోమ్ అంటారు. మెదడులో కదలికల్ని సాఫీగా నడిపించే డోపమైన్ అన్న రసాయనాన్ని అడ్డుకునే మందులు వాడినవాళ్ళలో కనిపించే లక్షణం అది. కానీ రెఫరల్ కాగితంలో ఉన్న మందుల్లో అలాంటిది ఒక్కటే ఉంది. అంతకుముందు ఆసుపత్రిలో రాత్రిళ్ళు ఆందోళనకి ఇచ్చిన హాలోపెరిడాల్. అదీ రెండు డోసులే. నెలల కిందట మొదలైన వణుకుకి మొన్న ఇచ్చిన ఇంజెక్షన్ కారణం కాలేదు.

సంచీలో దొరికింది

ఇంట్లో ఉన్న మందులన్నీ, ఖాళీ అట్టలతో సహా, పాత చీటీలూ బిల్లులూ ఏవి దొరికితే అవి తెమ్మన్నాం. మర్నాడు కొడుకు గుడ్డ సంచి తెచ్చాడు. మా వార్డు ఫార్మసిస్టు వాటిని భోజనం బల్ల మీద పరిచి, ప్రతి అట్టనీ వెనక్కి తిప్పి, వెండి రేకు మీదున్న సన్నక్షరాలు చదివింది. పెద్దక్షరాల్లో ఉండే బ్రాండు పేరు చదవకుండా లోపలి మందు పేరు చదవడం ఆమె అలవాటు. ఈ కేసు అక్కడే తేలింది.

రెండు రంగుల్లో రెండు అట్టలు. రెండు వేర్వేరు బ్రాండులు. రెండింటి లోపలా ఒకటే సరుకు: ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ 40 మి.గ్రా., నెమ్మదిగా విడుదలయ్యే లెవోసల్పిరైడ్ 75 మి.గ్రా. ఒకటి మొదటి చీటీలో రాసినది. అది దుకాణంలో దొరకని రోజున దాని బదులు ఇచ్చినది రెండోది. పాతది మళ్ళీ దొరికాక ఇంట్లో రెండూ చేరాయి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోవడం మొదలైంది. రంగు వేరు, పేరు వేరు కాబట్టి మందు కూడా వేరే అనుకున్నారు.

"ఈ బిళ్ళ సంగతి ఇంతకుముందు డాక్టర్లకి చెప్పారామ్మా?" అని కోడల్ని అడిగాను.

"అది మందు కాదు కదండీ, గ్యాస్ బిళ్ళే. అది వేసుకోకపోతే అత్తయ్యగారికి ముద్ద దిగదు" అంది.

ఈ జవాబుని నేను తప్పుపట్టను. ఏం మందులు వాడుతున్నారని అడిగితే జనం బీపీ, షుగరు, గుండె అని చెప్తారు. కడుపుకీ నిద్రకీ నొప్పికీ వాడేవి, కళ్ళలో వేసుకునే చుక్కలు లెక్కలోకి రావు. అడిగే తీరు మారాలి. "నోట్లో వేసుకునేది ఏదైనా సరే, డాక్టరు రాయకపోయినా సరే" అని అడిగితే గానీ బయటికి రాదు.

ఆ బిళ్ళ మెదడులో ఏం చేస్తుంది

కడుపు గోడలోని నరాల దగ్గర అదే డోపమైన్ కడుపు కదలికల్ని మందగింపజేస్తుంది. లెవోసల్పిరైడ్ డీ2 రిసెప్టర్లని, అంటే ఆ డోపమైన్ వచ్చి అతుక్కునే చోట్లని, అడ్డుకుంటుంది. దాంతో కడుపు త్వరగా ఖాళీ అవుతుంది, ఉబ్బరం తగ్గినట్టు అనిపిస్తుంది. నిజంగానే తగ్గుతుంది కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. ఇబ్బందేమిటంటే, ఈ మందు సల్పిరైడ్ అనే, మానసిక వ్యాధులకి వాడే యాంటీసైకోటిక్ మందుకి ఒక అద్దపు రూపం. కడుపు దగ్గరే ఆగదు, మెదడులోకీ వెళ్తుంది. అక్కడ కదలికల్ని సాఫీగా నడిపించే భాగంలో కూడా అవే రిసెప్టర్లని మూస్తుంది. అవి సుమారు 80 శాతం దాకా మూసుకుపోతే బిగుసుకుపోవడం, వణుకు కనిపించే అవకాశం బాగా పెరుగుతుందని పెట్ స్కాన్ అధ్యయనాలు చూపాయి. వయసుతో పాటు డోపమైన్ ఎలాగూ తరుగుతుంది కాబట్టి పెద్దవాళ్ళలో అంత దాకా కూడా పోనక్కర్లేదు.

ఆవిడ విషయంలో ఇంకో సంగతి కలిసింది. ఈ మందు ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. మూడు నెలల కిందటి రిపోర్టులో మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ 1.1 ఉంది. దాని పక్కన ఎర్ర గుర్తేమీ లేదు, నార్మల్ కిందే వదిలేశారు. కానీ 71 ఏళ్ళ వయసు, 46 కిలోల బరువు, ఆడమనిషి అన్నవి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంలో వేసి చూస్తే మూత్రపిండాల వడపోత నిమిషానికి 34 మిల్లీలీటర్ల దగ్గర తేలింది. కండ తక్కువ ఉన్న పెద్దవాళ్ళలో క్రియాటినిన్ అంకె ఇలాగే నమ్మిస్తుంది. అంటే ఆవిడ వేసుకున్నది రెట్టింపు డోసు, అది బయటికి పోయే దారేమో సగానికి సగం మూసుకుంది.

డోపమైన్ అదుపులో ఉంచే ప్రోలాక్టిన్ అన్న హార్మోను పరీక్ష చేయిస్తే 96 వచ్చింది. ఆ వయసులో ఉండాల్సిన దానికి నాలుగు రెట్లు. డోపమైన్ ఎక్కడో అడ్డుపడుతోందనడానికి రక్తంలో దొరికే గుర్తు అది. హాలోపెరిడాల్ కూడా ప్రోలాక్టిన్‌ని పెంచుతుంది కాబట్టి దీన్ని రుజువు అనలేను. అప్పటికే ఉన్న అనుమానానికి బలం మాత్రం ఇచ్చింది.

గొలుసు ఇలా పడింది

పాత చీటీల తేదీలనీ, ఇంట్లోవాళ్ళకి గుర్తున్న లక్షణాలనీ ఒకే కాగితం మీద ఎడమ పక్క మందు, కుడి పక్క లక్షణం చొప్పున రాసుకున్నాం.

మొదట పొట్ట ఉబ్బరం, కొంచెం తినగానే కడుపు నిండినట్టుండటం. మొదటి డాక్టరు ఆ గ్యాస్ బిళ్ళని 15 రోజులకే రాశారు. చీటీలో ఆ అంకె స్పష్టంగా ఉంది. హాయిగా అనిపించింది. గడువు దాటాక ఆపితే మూడో రోజుకల్లా మంట తిరగబెట్టింది. పాంటోప్రజోల్ లాంటి మందుల్ని కొన్ని వారాలు వాడి హఠాత్తుగా ఆపితే ఆమ్లం కొన్నాళ్ళు మామూలు కన్నా ఎక్కువగా ఊరుతుంది. ఇంట్లోవాళ్ళకి మాత్రం ఆ బిళ్ళ లేకపోతే కుదరదన్నదే అర్థమైంది. అప్పట్నుంచి ఖాళీ అట్ట చూపించి దుకాణంలో కొనుక్కోవడమే.

నాలుగైదు నెలలకి నడక నెమ్మదించింది, మాట సన్నబడింది, లెక్కల పుస్తకంలో అక్షరాలు చిన్నవైపోయాయి. (ఆ పుస్తకం నేను చూశాను. జనవరి పేజీకీ జూన్ పేజీకీ రాసింది ఒకరేనంటే నమ్మడం కష్టం.) వయసు మీద పడిందనుకున్నారు. వణుకు వచ్చాక ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన చూసిన మనిషిలో పార్కిన్‌సన్స్ లక్షణాలన్నీ ఉన్నాయి. బీపీ మందు తప్ప ఇంకేమీ వాడటం లేదని చెప్పారు. మెదడులో డోపమైన్‌ని పెంచే లెవోడోపా, దానితో పాటు వణుకుకి ట్రైహెక్సీఫెనిడిల్ మొదలుపెట్టారు.

లెవోడోపా వల్ల పెద్దగా ఫలితం రాలేదు. తాళంలో ఒక చెవి ఇరుక్కుని ఉండగా ఎన్ని కొత్త చెవులు తెచ్చినా తలుపు తెరుచుకోదు. రిసెప్టర్లు మూసి ఉన్నప్పుడు డోపమైన్ పెంచడం అలాంటిదే. ఫలితం లేదు గానీ వికారం వచ్చింది, అది లెవోడోపా మామూలుగా తెచ్చేదే. వికారం రాగానే గ్యాస్ బిళ్ళ మీద నమ్మకం ఇంకా పెరిగింది. రెండో బ్రాండు ఇంట్లోకి వచ్చింది కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే.

నా అభిప్రాయంలో ఈ మొత్తం వరసలో సమర్థించుకోలేనిది ట్రైహెక్సీఫెనిడిల్. లెవోడోపాని కొన్నాళ్ళు వాడి చూడటంలో తర్కం ఉంది. 65 ఏళ్ళు, ఆపైబడినవాళ్ళకి ట్రైహెక్సీఫెనిడిల్ వద్దని మాత్రం పెద్దవాళ్ళ మందుల గురించిన బీర్స్ జాబితా ఎప్పటి నుంచో చెప్తోంది. అసిటైల్‌కోలిన్ అన్న నరాల రసాయనాన్ని అడ్డుకునే ఈ మందు నోరు ఎండబెడుతుంది, పేగుల్నీ మూత్రాశయాన్నీ మందగింపజేస్తుంది, జ్ఞాపకాన్ని మసకబారుస్తుంది, లేనివి చూపిస్తుంది. ఆవిడకి ఈ నాలుగూ ఇదే వరసలో వచ్చాయి. ముందు మలబద్ధకం, ఒక రాత్రి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. అత్యవసర విభాగంలో కేథటర్ వేశారు. ఆ రాత్రికి అది సరైన పనే. రెండు వారాలు ఉంచుకోమని ఇంటికి పంపారు. ఎందుకు ఆగిందన్న ప్రశ్న కేథటర్‌తో పాటే మూతపడింది.

కేథటర్ ఉన్న ఒక్కో రోజుకీ మూత్రంలో సూక్ష్మజీవులు చేరే అవకాశం 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతుందని లెక్క. రెండు వారాలయ్యేసరికి జ్వరం వచ్చింది. అప్పటికే ట్రైహెక్సీఫెనిడిల్‌తో మసకగా ఉన్న మెదడుకి జ్వరం తోడై పూర్తిగా అయోమయం. ఆసుపత్రిలో చేర్చారు. రాత్రి కేకలు వేస్తే హాలోపెరిడాల్ ఇచ్చారు. అంటే డోపమైన్ దారిని మూసే రెండో మందు. తెల్లారేసరికి మింగడం కూడా కష్టమైంది. ఆ స్థితిలో మా దగ్గరికి పంపారు.

ఒక మందు దుష్ప్రభావాన్ని కొత్త జబ్బుగా పొరబడి దానికి ఇంకో మందు రాయడాన్ని ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్ అంటారు. 1990లలో పౌలా రోషోన్, జెర్రీ గుర్‌విట్జ్ పెట్టిన పేరది. 1995లో జెర్రీ ఏవర్న్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్ తీసుకున్న పెద్దవాళ్ళకి, తీసుకోనివాళ్ళతో పోలిస్తే లెవోడోపా మొదలుపెట్టడం సుమారు మూడు రెట్లు ఎక్కువని తేలింది. మందు పేరు తప్ప మా కేసు అదే కథ. మెటోక్లోప్రమైడ్ గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో నల్లగీతల హెచ్చరిక, అంటే అన్నిటికన్నా తీవ్రమైన హెచ్చరిక, పెట్టించింది. యూరప్ నియంత్రణ సంస్థ 2013లో దాన్ని 5 రోజులకి మించి వాడొద్దంది. లెవోసల్పిరైడ్‌దీ అదే తీరు అయినా, ఆమ్లం తగ్గించే మందుతో ఒకే బిళ్ళలో కలిసిపోయి ఉండటం వల్ల చాలామంది కళ్ళకి అది ఆనదు.

ఆపడంలో ఉన్న చిక్కులు

అన్నీ ఒక్కసారి పీకేయాలనిపిస్తుంది. అలా చేయకూడదు. లెవోసల్పిరైడ్, హాలోపెరిడాల్ ఆ రోజే ఆపేశాం. ట్రైహెక్సీఫెనిడిల్‌ని ఉన్నపళంగా ఆపితే వికారం, చెమటలు, ఆందోళన తిరగబడతాయి కాబట్టి వారం మీద తగ్గించుకుంటూ తీసేశాం. లెవోడోపా జోలికి ఇప్పుడే వెళ్ళొద్దనుకున్నాం. పని చేయకపోయినా సరే, హఠాత్తుగా ఆపితే ఒళ్ళు కొయ్యబారి, జ్వరం విపరీతంగా పెరిగే ప్రమాదం ఉంటుంది. పైగా ఒకేసారి రెండు మార్చితే ఏది దేనివల్లో తెలియదు.

మూత్రాన్ని కల్చర్‌కి పంపి యాంటీబయాటిక్ ఇచ్చాం. కేథటర్‌ని మొదటిసారి తీసినప్పుడు మూత్రం మళ్ళీ ఆగింది. జూనియర్లు ఇక ఇది శాశ్వతమేమో అన్నారు. గట్టిపడిన మలం అంతా పోయాక, ట్రైహెక్సీఫెనిడిల్ ఒంట్లోంచి దిగాక రెండోసారి తీశాం. ఆవిడ తనంతట తాను పోసుకుంది. స్కానర్‌తో చూస్తే లోపల మిగిలింది 60 మిల్లీలీటర్లే. వార్డులో ఆ రోజు అందరికన్నా సంతోషపడింది నర్సులు.

పది రోజుల్లోపే మూలనున్న పిల్లలు కనిపించడం మానేశారు. తేదీ, కొడుకు పేరు, ఎక్కడున్నదీ అన్నీ సరిగ్గా చెప్పింది. డిమెన్షియా అన్న మాట అక్కడితో కొట్టేశాం. బిగుతు మాత్రం అంత త్వరగా వదల్లేదు. మందు ఆపిన కొద్ది వారాల నుంచి ఆరు నెలల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టొచ్చు. కొందరిలో ఎప్పటికీ పోదు. వాళ్ళకి లోపల పార్కిన్‌సన్స్ నిద్రాణంగా ఉండి, మందు దాన్ని బయటికి లాగిందని అనుకుంటాం. తేడా వెంటనే చెప్పగలిగే డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్ స్కాన్ ఒకటి ఉంది. మందుల వల్ల వచ్చినదైతే అది నార్మల్‌గా ఉంటుంది. మేం చేయించలేదు. ఆపి ఎదురుచూడటం వల్ల నష్టం లేదు కాబట్టి కాలాన్నే పరీక్షగా పెట్టుకున్నాం.

ఆరు వారాలకి వాకర్‌తో నడిచింది. మూడు నెలలకి వాకర్ వదిలేసింది. అప్పుడు లెవోడోపాని మెల్లగా తగ్గించి ఆపాం. ఆపాక ఏమీ దిగజారలేదు.

కడుపు సంగతి మరిచిపోలేదు, అసలు మొదలైందే అక్కడ. 60 దాటినవాళ్ళకి కొత్తగా ఇలాంటి ఉబ్బరం వస్తే మందు కన్నా ముందు ఎండోస్కోపీ చేయించమని మార్గదర్శకాలున్నాయి. ఏడాదిగా ఎవరూ చేయించలేదు. కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ అన్న సూక్ష్మజీవి పరీక్షకి ముందు ఆమ్లం తగ్గించే మందు 2 వారాలు, యాంటీబయాటిక్స్ 4 వారాలు ఆగి ఉండాలి, లేకపోతే ఉన్నది కూడా లేనట్టు చూపిస్తుంది. పాంటోప్రజోల్‌ని దశలవారీగా ఆపి, ఆ గడువులు దాటాక చేయించాం. పుండు, గడ్డ ఏమీ లేవు, హెలికోబాక్టర్ ఉంది. రెండు వారాల కోర్సు ఇచ్చాం. ఉబ్బరం పూర్తిగా పోయిందనను. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తింటూ సర్దుకుంటోంది.

కుటుంబానికి చెప్పడం

నాలుగో రోజున కొడుకునీ కోడల్నీ కూర్చోబెట్టి ఆ రెండు వరసల కాగితాన్నే ముందు పెట్టాను. మందు, తేదీ, లక్షణం, తేదీ. విశేషణాలేవీ వాడలేదు. కొడుకు చాలాసేపు చూసి, "అయితే ఎవరిది తప్పు సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్నని దాటవేయడం మర్యాద కాదు. ట్రైహెక్సీఫెనిడిల్ విషయంలో నా అభిప్రాయం చెప్పాను. 15 రోజుల చీటీ ఏడాది ఎలా నడిచిందో చెప్పాను, అందులో దుకాణం పాత్రా ఉంది, ఇంటి పాత్రా ఉంది. కేథటర్‌తో పంపేటప్పుడు కారణం వెతకాల్సిందన్నాను. ఫిర్యాదు చేయాలనుకుంటే అది వాళ్ళ హక్కనీ, మా రికార్డులన్నీ ఇస్తామనీ చెప్పాను. కోడలు ఏడ్చింది, తానే రోజూ తన చేత్తో వేసేదాన్నని. ఆమెకి చెప్పాల్సింది ఒకటే: అట్ట వెనక సన్నక్షరాలు చదివే బాధ్యత ఆమెది కాదు.

అంతకుముందు చూసిన డాక్టర్లకి విడివిడిగా ఉత్తరాలు రాశాను. ఒకరు ఫోన్ చేసి, తన దగ్గర లెవోడోపా వాడుతున్న మిగతావాళ్ళ సంచీలు కూడా తెప్పించి చూస్తున్నానన్నారు. మిగతావాళ్ళ నుంచి జవాబు రాలేదు. మందుల దుష్ప్రభావాల్ని నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ విభాగానికి రిపోర్టు పంపాం. లక్షణానికి మందే కారణమా అని మార్కులేసి చూసే, 1981 నుంచి వాడుకలో ఉన్న నరాంజో పట్టికలో ఈ కేసుకి 7 మార్కులు వచ్చాయి, అంటే "బహుశా ఈ మందు వల్లే" అన్న వర్గం. "ఖచ్చితంగా" అనాలంటే 9 కావాలి. మిగతా 2 మార్కులు మందు మళ్ళీ ఇచ్చి లక్షణం తిరిగొస్తుందేమో చూస్తే వస్తాయి. ఆ 2 మార్కులూ మాకొద్దు.

ఆవిడ పర్సులో ఇప్పుడో కార్డు ఉంది. ఇవ్వకూడని మందుల పేర్లు పెద్దక్షరాల్లో: లెవోసల్పిరైడ్, మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, సినారిజిన్, ఫ్లూనారిజిన్, హాలోపెరిడాల్. ఒకటి వాంతికి, ఒకటి కళ్ళు తిరగడానికి, ఇంకోటి తలనొప్పికి, ఇలా వేర్వేరు డాక్టర్లు వేర్వేరు కారణాలతో రాసేవి ఇవి. డోపమైన్‌ని అడ్డుకోవడంలో మాత్రం అన్నీ ఒక గూటివే. కార్డు వెనక, ఏ కొత్త మందు రాసినా ఆపాల్సిన తేదీ కూడా వెయ్యమని రాసిపెట్టాం.

ఆరు నెలల తర్వాత చూసినప్పుడు వణుకు లేదు, రాత మునుపటంత పెద్దదైంది. కానీ నోటి దగ్గర ఏదో నములుతున్నట్టు మెల్లని కదలిక ఒకటి మిగిలిపోయింది. టార్డివ్ డిస్కినీసియా అంటారు. డోపమైన్‌ని అడ్డుకునే మందు చాలాకాలం వాడితే వచ్చేది, ఒక్కోసారి ఆపాకే బయటపడేది, కొందరిలో ఎప్పటికీ పోనిది. దీనికీ మందు లేదా అని కోడలు అడిగింది. టెట్రాబెనజీన్ లాంటివి ఉన్నాయి. అవి డోపమైన్‌ని ఖాళీ చేసి పని చేస్తాయి. మళ్ళీ బిగుసుకుపోవడం, దిగులు తెచ్చే అవకాశం ఉంది. అది కూడా వివరంగా చెప్పాను. ఆవిడ విని, తనకి ఆ కదలిక తెలియడం లేదనీ, చూసేవాళ్ళకే తెలుస్తోందనీ, కట్టుడు పళ్ళు జారడం ఒక్కటే తన ఇబ్బందనీ అంది. పళ్ళ డాక్టరు దగ్గరికి పంపి సెట్టు సరిచేయించాం. మందు రాయలేదు.